ముందుగా విప్పిన తీగ

“తప్పు నాదే సారూ. ఈ చేతులతోనే జేసిన. ఇగ రాసుకోండ్రి.”

సంకెళ్లు పడిన చేతులను ఛాతీకి ఆనించుకొని యోహాను ఆ మాట అన్నాడు. అనడమే గాని ఎదుటివారి ముఖం చూడలేదు. ఎదుట నిలిచిన విశ్వేశ్వర్ అతణ్ణే గమనిస్తున్నాడు. హైదరాబాదులో అపరాధ పరిశోధననే వృత్తిగా పెట్టుకొన్న ఆయనకు నేరం ఒప్పుకొనేవారు కొత్త కాదు. నేరం ఒప్పుకొంటూనే, షెడ్డులో బానెట్ తెరిచి వదిలేసిన కారు వైపు జబ్బుపడిన బిడ్డను చూసినట్లు చూసే మనిషి మాత్రం కొత్త.

“విన్నారు కదండీ!” అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ తులసీరాం, చేతికర్రతో బూటును తట్టుకొంటూ. “ఇంతకు మించి మీకేం కావాలి? హైదరాబాదులో దొంగలు కరువైపోయారా ఏవిటి, మా మిర్యాలగూడ దాకా దయచేశారు?”

“దొంగలకు కరువు లేదు. సంకెళ్లు పడిన నిర్దోషి ఒకడు ఇక్కడ ఉన్నాడేమోనని రామచంద్రయ్యగారు అనుమానపడ్డారు. కబురు పెట్టారు. వచ్చాను.”

“కళ్లు కాల్చుకొన్న పెద్దమనిషేనా కబురు పెట్టింది?”

“ఆయనే.”

తులసీరాం మొహం చిట్లించాడు. పోలీసు చర్య ముగిసిన తరువాత కృష్ణా జిల్లా నుంచి ఈ తాలూకాకు వచ్చిన అధికారి ఆయన. లంచం ముట్టడు, ఎవరికీ వెరవడు. అయితే ఒకసారి కాగితం మీద పెట్టిన అభిప్రాయాన్ని కొట్టివేయడం ఆయన స్వభావంలో లేదు.

జరిగిన సంగతి ఇది. రామచంద్రయ్య మిర్యాలగూడలో బియ్యపు మిల్లు యజమాని. మూడు దినాల కిందట తెల్లవారకముందే ఆయన సూర్యాపేటకు ప్రయాణమై, మిల్లు వెనుక ఉన్న కారు షెడ్డులోకి వెళ్లాడు. రాత్రి మిల్లు ఆడినంతసేపూ డైనమో నుంచి తీగలు లాగి కారు బ్యాటరీకి చార్జి పెట్టి ఉంచారు. చీకట్లో ఎవరో బానెట్ కింద వంగి ఉన్నారు. డ్రైవరే అనుకొని, “యోహానూ, నువ్వేనా?” అంటూ ఆయన ఆ మనిషి భుజం మీద చెయ్యి వేసి, తాను కూడా లోపలికి తొంగి చూశాడు. మెరుపు మెరిసింది. మరుక్షణం తుపాకీ పేలినట్లు బ్యాటరీ పేలి, అందులోని గంధకామ్లం ఆయన ముఖాన చిమ్మింది. వంగి ఉన్న మనిషి పారిపోయాడు. భార్య హైమావతి పరుగెత్తి వచ్చి, కుండల కొద్దీ నీళ్లు ఆపకుండా కళ్లలో పోసింది గనుక చూపు నిలిచే ఆశ ఉన్నదని సూర్యాపేట దవాఖాన డాక్టరు చెప్పాడు. ఇప్పుడు ఆయన ఆ దవాఖానలోనే ఉన్నాడు. కట్టు పూర్తిగా తీసివేసేది రేపు.

యోహాను ఆ రాత్రి షెడ్డులోనే పడుకోవలసినవాడు. పొద్దు పొడిచిన తరువాత ఎక్కడినుంచో నడిచి వచ్చాడని తులసీరాం చెప్పాడు. వచ్చీ రాగానే పట్టుబడ్డాడు. ఈ సాయంత్రం అతణ్ణి నల్లగొండ జైలుకు పంపడానికి కాగితాలు సిద్ధంగా ఉన్నాయి.

“యాడనుంచో గాదు సారూ, యేములపల్లి నుంచి!” షెడ్డు గుమ్మం అవతల నిలబడిన అన్నమ్మ గొంతు లేచింది. ఆమె యోహాను భార్య. “ఆనాడు మా సరోజకు జరమొచ్చి మూసిన కన్ను తెరవలే. నేనే కబురు పంపిన. రాత్రంతా బిడ్డ నుదిటి మీద తడిగుడ్డ ఏసుకుంట కూసున్నడు. గిదేం నేరం?”

“భార్య సాక్ష్యం భర్తకు చుట్టం లాంటిదే,” అన్నాడు తులసీరాం. “సెలవడిగాడు, సావుకారు ఇవ్వనన్నాడు. కోపం పెట్టుకొన్నాడు. తెల్లవారుజామున వచ్చి బ్యాటరీతో ఏదో చేశాడు. ఇంకేం కావాలండీ?”

“ఏదో అంటే ఏది?”

“ఏదో ఒకటి! ఒప్పుకొన్నాడుగా!”

ఆ మాటల నడుమనే ఒక యువకుడు పళ్లెంలో టీ గ్లాసులు పట్టుకొని లోపలికి వచ్చాడు. హైమావతి తమ్ముడు చంద్రు. యుద్ధకాలంలో సైన్యపు మోటారు దళంలో పనిచేసి, తిరిగి వచ్చి, మిల్లు లారీల వ్యవహారం చూస్తున్నాడు. మర్యాదస్థుడు. అంత ఎండలోనూ చొక్కా చేతుల గుండీలు మణికట్టు దాకా పెట్టుకొని ఉన్నాడు.

“తీసుకోండ్రి సార్. బావను సూసిండ్రా? ఎట్లున్నడు?”

“ధైర్యంగానే ఉన్నారు. ఆ మనిషి భుజం మీద చెయ్యి వేసినప్పుడు ఏదో తగిలిందట. అదేమిటో జ్ఞాపకం తెచ్చుకొంటున్నారు. కట్టు విప్పేలోగా గుర్తుకు వస్తుందన్నారు.”

ఆ మాట అనవలసినది కాదని విశ్వేశ్వర్‌కు ఆ క్షణాన తోచలేదు.

“దేవుడు దయ సూస్తే అన్నీ యాదికొస్తయ్,” అన్నాడు చంద్రు. తరువాత తులసీరాం వైపు తిరిగి, “సార్, మీ జీపు రేడియేటరు ఎండిపోయినట్లుంది. పొగ లేస్తున్నది. బానెట్ ఎత్తి నీళ్లు పోపిస్త,” అన్నాడు.

“మంచిదయ్యా. మా డ్రైవరు జ్వరంతో పడుకొన్నాడు, నేనే తోలుకొంటున్నాను,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

చంద్రు వెళ్లిపోయాడు. విశ్వేశ్వర్ టీ గ్లాసును యోహాను చేతికి ఇచ్చాడు. సంకెళ్ల చేతులతో అతడు దాన్ని రెండు అరచేతుల మధ్య పట్టుకొన్నాడు గాని తాగలేదు.

“యోహానూ, నేను పోలీసును కాను. నీవు చేసిన తప్పేమిటో నీ నోటితో చెప్పు.”

యోహాను గ్లాసులోకి చూస్తూ చెప్పాడు.

“బాయి నీళ్లు పోసిన సారూ.”

“దేంట్లో?”

“బ్యాటరీల. వానకాలంల పెంకుల మీదికెళ్లి పడ్డ నీళ్లు గాదు, నడి ఆకాశం కింద జాడీ పెట్టి పట్టిన నీళ్లు దాసుకుంట. అవే పోస్త ఏడాది పొడుగూత. ఈ ఎండలకు జాడీ ఖతమైంది. పట్నం నుంచి బ్యాటరీల పోసే మందు నీళ్లు తెప్పియ్యుమని సేటును అడగాలంటే సిగ్గయింది. జాడీ నిండ ఉన్నయని ఆయనకు శానసార్లు చెప్పిన. మొన్న పలకలు బయటికి తేలినయ్. మిల్లు బాయిల నీళ్లు ముంచి పోసిన. ఉప్ప నీళ్లు. దానికే పేలింది. సేటు కండ్లు నేనే తీసిన.”

చెప్పి, అతడు గ్లాసును నేల మీద పెట్టి మోచేతితో ముఖం కప్పుకొన్నాడు. గుమ్మం దగ్గర అన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొంది. ఆ ఒప్పుకోలు ఇంత చిన్నదని ఇన్‌స్పెక్టర్‌కు కూడా తెలిసినట్లు లేదు. ఆయన చేతికర్ర బూటును తట్టడం మానింది.

విశ్వేశ్వర్ అతని పక్కనే నేల మీద కూర్చున్నాడు. “విను. ఉప్పు నీళ్లు బ్యాటరీకి మంచివి కావు, నిజమే. లోపలి పలకలను మెల్లమెల్లగా తినివేస్తాయి. కొన్ని మాసాలకు బ్యాటరీ నీరసిస్తుంది, బండి లేవదు. అంతేగాని ఆ నీళ్ల వలన ఏ బ్యాటరీ పేలదు. నీవు బ్యాటరీకి కొంత అన్యాయం చేశావు. మీ సేటుకు చేయలేదు.”

యోహాను మోచెయ్యి దించాడు. నమ్మవచ్చునా అన్నట్లు చూశాడు.

“ఓహో, తీర్పు కూడా మీరే చెప్పేస్తున్నారు!” అన్నాడు తులసీరాం. “మరి దేనివల్ల పేలిందండీ? లోపల టపాకాయ పెట్టారా?”

బయట జీపు ఇంజను లేచిన చప్పుడు వినిపించింది. చంద్రు నీళ్లు పోయించి ఇంజను ఆడించి చూస్తున్నాడని అందరూ అనుకొన్నారు.

విశ్వేశ్వర్ లేచి కారు దగ్గరకు నడిచాడు. “చార్జి ఎక్కుతున్నంతసేపూ బ్యాటరీలో నుంచి ఉదజని, అంటే హైడ్రోజన్ వాయువు పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన షెడ్డులో అది బానెట్ కిందనే నిలిచి ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ తగిలితే చాలు, ఇంత పని చేస్తుంది. కనుక మనం వెదకవలసినది నీళ్లను కాదు, నిప్పురవ్వను. ఇటు రండి.”

బ్యాటరీ పగిలి తన గూటిలోనే ఉన్నది. దాని రెండు గుబ్బలకూ రెండు తీగలు. ప్లస్సు గుబ్బ నుంచి వచ్చిన వెడల్పాటి అల్లిక తీగను కారు ఇనుప శరీరానికి బోల్టుతో బిగించారు. ఆ గుబ్బ మీద యోహాను పూసిన గ్రీజు చెక్కు చెదరలేదు. దాని మీద దుమ్ము కూడా పాతదే. మైనస్సు గుబ్బ మీది మర మాత్రం సగం వదులై ఉన్నది. దానికి జానెడు దూరంలో ఉన్న ఇనుప పట్టీ మీద కందిగింజ పాటి గుంట. అక్కడ ఇనుము కరిగి మళ్లీ గడ్డకట్టింది. కారు కింద పోలీసులకు దొరికిన పానా మూతి మీద కూడా అదే కొలత గుంట.

“యోహానూ, ఈ బ్యాటరీని దింపాలంటే నీవేం చేస్తావు?”

“తాళంచెవి తీస్త. మిల్లుకు పోయి చార్జి బంద్ జేపిస్త. షెడ్డు తలుపులు బార్ల తెరిసి, బీడీ ముట్టిచ్చినోన్ని అవతలికి ఎల్లగొడ్త. జరసేపు గాలాడనిచ్చి, ముందుగాల ప్లస్సు ఇప్పుత. ఎనక మైనస్సు. పెట్టేటప్పుడు దీనికి ఉల్టా.”

తులసీరాం పక్కున నవ్వాడు. “ముందు ప్లస్సా! పనివాడని పొగిడారు, పని కూడా రాదే వీడికి! మైనస్సు ముందు విప్పాలని మా డ్రైవరు ఎన్నిసార్లు చెప్పాడో. నేనూ అలాగే విప్పుతాను.”

“మీ జీపుకు అదే సరియైన పద్ధతి,” అన్నాడు విశ్వేశ్వర్ శాంతంగా. “మీ జీపు అమెరికాలో తయారైంది. దానిలో ఇనుప శరీరానికి కట్టినది మైనస్సు. ఇది ఇంగ్లండులో తయారైన విలాయతీ కారు. దీనిలో శరీరానికి కట్టినది ప్లస్సు. నియమం ఒక్కటే: శరీరానికి కట్టిన తీగను ముందు విప్పాలి. అది విప్పితే ఆ తరువాత పానా ఎక్కడ తగిలినా భయం లేదు. అది విప్పకుండా రెండవదాని మీద పానా వేశారా, ఆ పానా ఇనుముకు ఎక్కడ తగిలినా విద్యుత్తంతా దానిలోంచే పారుతుంది. మెరుపు మెరుస్తుంది. ఇదిగో ఈ గుంట పడుతుంది.”

ఇన్‌స్పెక్టర్ వంగి గుంటను చూశాడు. పానా మూతిని దాని మీద ఆనించి చూశాడు. రెండూ సరిపోయాయి.

“ఈ కారును ఇన్నేళ్లుగా చూసుకొంటున్నవాడు, చీకటిలో సైతం, మైనస్సు ముందు విప్పడు,” అన్నాడు విశ్వేశ్వర్. “విప్పినవాడు బ్యాటరీ పని తెలియనివాడూ కాదు. చెయ్యి తిరిగినవాడే. కాని వేరొక బండి మీద తిరిగిన చెయ్యి. మిర్యాలగూడలో జీపులెన్ని ఉన్నాయి?”

“రెండు.” తులసీరాం గొంతు కొంచెం తగ్గింది. “ఒకటి నాది.”

“రెండవది?”

ఇన్‌స్పెక్టర్ జవాబు చెప్పేలోగా ఇంటి పెరటి వైపు నుంచి పెద్ద గొడవ వినిపించింది.

“గిది అంగీనా, జల్లెడనా? సౌడుమన్ను ఎక్కువేసి బట్ట కాలవెట్టినవ్ లచ్చమ్మా!” అది హైమావతి గొంతు.

“నా సౌడును అనకమ్మా!” చాకలి లచ్చమ్మ ఏమాత్రం తగ్గలేదు. “ఇంటెడు బట్టలు ఉతికిన, అన్నీ మంచిగనే ఉన్నయ్. గిదొక్కటే గిట్లెందుకయితది? ఇచ్చినప్పుడు నిఖార్సుగనే ఉండె. బండకు ఒక్క దెబ్బ ఏసిన్నో లేదో, ఎడమ చెయ్యంత తూట్లు పడ్డది. కుట్టినోన్ని అడుగు, నేసినోన్ని అడుగు, నన్నెందుకు అడుగుతవ్?”

విశ్వేశ్వర్ అప్పటికే పెరట్లో ఉన్నాడు. హైమావతి చేతిలోని చొక్కాను అందుకొని ఎండకు ఎత్తి పట్టాడు. మందపాటి ఖాకీ చొక్కా. ఎడమ చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా చిన్న చిన్న రంధ్రాలతో నిండి ఉన్నది. భుజాల మీద సైనికుల చొక్కాలకు కుట్టే గుండీ పట్టీలు ఉన్నాయి.

“లచ్చమ్మ తప్పేమీ లేదమ్మా,” అన్నాడు ఆయన. “తేజాబు, అంటే బ్యాటరీలోని ఆమ్లం, పడిన నూలు బట్ట పైకి బాగానే కనిపిస్తుంది. ఉతికినప్పుడు గాని రాలిపోదు. ఈ చొక్కా ఎప్పుడు ఉతకడానికి పడింది?”

“సేటుకు దెబ్బ తాకిన పొద్దుగాల్నే,” అంది లచ్చమ్మ. “మూటల గూడ ఎయ్యలే. చంద్రు సారే నా చేతికిచ్చి, జల్ది ఉతుకుమన్నడు. సాకిరేవుకు నేను ఇయ్యాల్నే పోయిన.”

హైమావతి ఒకరివైపు చూసి మరొకరివైపు చూసింది. తడి చొక్కాను మళ్లీ తన చేతిలోకి లాక్కొని గుండెకు అదుముకొంది; తమ్ముణ్ణి దాచుకొన్నట్లే.

“లారీ రేడియేటరు నీళ్లు పడి చెయ్యి కాలింది అన్నడు. నేనే పసుపు రాసిన,” అంది. ఆపై మెట్టు మీద కూలబడింది. “ముందునాటి రాత్రి ఆయనకూ తమ్మునికీ మాట మాట పెరిగింది. మన మిల్లు బియ్యం దొంగతనంగ కోదాడ సరిహద్దు నాకా దాటిస్తున్నవ్, పొద్దుగాల సూర్యాపేట పోయి తహసీల్దారుకు అంతా చెప్త అన్నడు ఆయన. కారు లేవకుంటే ఆ పూటకు ప్రయాణం ఆగుతదని అనుకున్నడేమో సారూ. బావ కండ్లు తియ్యాలని మా తమ్ముడు అనుకోడు. అంత పాపిష్టోడు గాదు.”

“కాదనే నేనూ అనుకొంటున్నానమ్మా. బండి ఆపడానికే వచ్చాడు. వెనుక నుంచి పిలుపు వినగానే పానా జారింది. మీ ఆయన చేతికి తగిలినది ఈ భుజం పట్టీయే. ఇప్పుడు చంద్రు ఎక్కడ?”

“పోయిండు. బావను బెజవాడ కంటి డాక్టరు కాడికి తోలుకపోత, ఇక్కడ లాభం లేదు అన్నడు. ఇంతకు ముందే మన మిల్లు జీపుల సూర్యాపేటకు పోయిండు.”

విశ్వేశ్వర్ చటుక్కున గేటు వైపు చూశాడు. ఇందాక వినిపించిన చప్పుడు పోలీసు జీపుది కాదు. భుజానికి తగిలినదేదో రేపటికి గుర్తుకు వస్తుందని చంద్రు ముందు అన్నది తానే. కళ్లకు కట్టు ఉన్న మనిషిని, బావమరిది చెయ్యి పట్టుకొంటే మారు మాట లేకుండా జీపు ఎక్కే మనిషిని, తన మాటే వాడికి అప్పగించింది.

“సూర్యాపేటకు వెళితే వెనకబడతాం,” అన్నాడు తులసీరాం. ఆయన స్వరంలో ఎగతాళి మచ్చుకైనా లేదు. “వాడు అక్కణ్ణుంచి కోదాడ మీదుగానే పోవాలి. మనం హుజూర్‌నగర్ దారిన అడ్డంగా వెళ్లి నాకా దగ్గరే ఆపాలండీ. నాకా దాటితే నా అధికారం చెల్లదు. పదండి!”

అందరూ గేటు దగ్గరకు పరుగెత్తారు. ఇన్‌స్పెక్టర్ జీపు ఎక్కి స్విచ్ వేసి, కాలితో స్టార్టరు తొక్కాడు. కిర్రుమనలేదు. మళ్లీ తొక్కాడు. నిశ్శబ్దం.

విశ్వేశ్వర్ బానెట్ ఎత్తాడు. రేడియేటరులో నీళ్లు నిండుగానే ఉన్నాయి. బ్యాటరీ మీద మైనస్సు తీగ గుబ్బ నుంచి ఊడి పక్కన పడి ఉన్నది. దాన్ని బిగించే బోల్టు లేదు. ఎక్కడా మసి లేదు, గుంట లేదు.

కానిస్టేబులు పక్కన నిలబడి ఉన్న యోహాను దూరం నుంచే అడిగాడు: “మైనస్సు ఇప్పిండా సారూ?”

“మైనస్సే.”

“జీపుకు గదే మంచిది,” అన్నాడు యోహాను, మెల్లగా.

తులసీరాం కిందికి దిగాడు. ఒక క్షణం ఆ ఊడిన తీగ వైపు, తరువాత యోహాను చేతుల వైపు చూశాడు. జేబులోంచి తాళంచెవి తీసి, కానిస్టేబులుకు ఇవ్వకుండా, తానే వెళ్లి సంకెళ్లు విప్పాడు.

“బోల్టు కావాలి,” అన్నాడు. “ఉందా నీ దగ్గర?”

“కారు ప్లస్సుకు ఉన్నది సారూ. దీనికి సరిపోతది. కాని అది మీ సాక్ష్యం గద?”

“పంచనామాలో నేను రాసుకొంటాను. పోయి తీసుకురా!”

యోహాను పరుగెత్తాడు. మణికట్లు రుద్దుకోవడానికి కూడా ఆగలేదు. గ్రీజు అంటిన బోల్టును తెచ్చి, అంగీ కొనతో గుబ్బను శుభ్రంగా తుడిచాడు. ముందు ప్లస్సు గట్టిగా ఉన్నదో లేదో వేలితో కదిపి చూసుకొని, అప్పుడు మైనస్సును బిగించాడు. ఈసారి స్టార్టరు తొక్కగానే ఇంజను లేచింది.

“నీవు తోలు,” అన్నాడు తులసీరాం, పక్క సీటులోకి జరిగి. “హుజూర్‌నగర్ దారి నీకు నాకంటే బాగా తెలుసు.”

యోహాను గుమ్మం దగ్గర ఉన్న అన్నమ్మ వైపు చూశాడు. “పో,” అంది ఆమె. “పిల్లకు జరం దిగింది. పోయి సేటును తీసుకరా.”

జీపు కదలబోతుండగా హైమావతి ఇంట్లోంచి పరుగెత్తుకొని వచ్చింది. ఆమె చేతిలో బిరడా బిగించిన చిన్న సీసా ఉన్నది.

“పట్నం నుంచి తెప్పించిన కంటి మందు! పొద్దుగూకేలోపల ఆయన కండ్లల్ల పడాలె, లేకుంటే సూపు దక్కదు అన్నడు డాక్టరు. తమ్ముని చేతిల వెట్టి, మరువకురా అని చెప్పిన.” ఆమె సీసాను ఎత్తి చూపింది. “గూట్లనే వెట్టి పోయిండు.”

మరచిపోయాడో, కావాలనే విడిచిపోయాడో, కోదాడ చేరేదాకా తెలిసే దారి లేదు. ఇన్‌స్పెక్టర్ సీసా కోసం చెయ్యి చాచాడు. విశ్వేశ్వర్ కూడా చాచాడు. హైమావతి వారిద్దరినీ దాటి వచ్చి, ఆ సీసాను యోహాను చేతిలో పెట్టి, అతని వేళ్లను తన చేతులతోనే మూసింది.